కాయ లెక్కా, షేరు లెక్కా

లాభాంశం అన్న మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంగ్లీషులో డివిడెండ్ అంటారు. మాట మంచిదే. కంపెనీలో వాటా ఉన్నవాళ్ళకు కంపెనీ లాభంలోంచి పంచిపెట్టేది లాభాంశం. అయితే ఆ మాటను దానికి ఏ సంబంధమూ లేని డబ్బుకు తగిలించి, అలాగే పన్నుల శాఖకు పంపించి, ఒక కుటుంబాన్ని నడిరోడ్డు మీదికి తెచ్చిన వైనం నా కళ్ళతో చూశాను. ఇప్పుడిప్పుడే ఆడిటర్ల ఆఫీసుల్లో చేరి కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. ముసలావిడ సణుగుడు అనుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

నేను పుట్టింది కోలారు బంగారు గనుల కోరమండల్‌లో, గని కార్మికుల లైన్ ఇళ్ళలో. మా తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వలస వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. నాన్న భూమి లోపల పనిచేసేవాడు. ఏడాదికోసారి బోనస్ వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఒకసారి అమ్మ, "కంపెనీవాళ్ళు దయగా ఇచ్చినారు" అంది. నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "దయ ఏంది దయ? నేను కష్టపడింది నాకిచ్చినారు. ఇంగోసారి ఆ మాట అనద్దు" అన్నాడు. నాన్న కోప్పడడం చాలా అరుదు. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది. గనులు మూతపడ్డాయి, నాన్న పోయాడు, లైన్ ఇళ్ళలో సగం గోడలు కూలాయి. ఆ కోపం మాత్రం నాకు ఆస్తిగా వచ్చింది.

నేను బీకాం చదివి పక్కనే ఊరిగాంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే. మందుల షాపు మీద రెండు గదులు, ఎండాకాలం రేకుల కింద ఉడుకు, వానాకాలం బకెట్లు. ఆడిటర్ గారు మంచి మనిషే. కేకలు వేసేవారు కాదు, జీతం ఆలస్యం చేసేవారు కాదు. ఒక్కటే లోపం, పార్టీ చేజారిపోతుందంటే వణికిపోయేవారు. మా భాషలో పార్టీ అంటే మా చేత లెక్కలు రాయించుకునేవాళ్ళు. పార్టీ ఏం చెబితే అది వేదం.

నా పక్క టేబుల్ దగ్గర ఒక తమిళతను కూర్చునేవాడు. అతనిదీ గని కుటుంబమే. నన్ను అక్కా అనేవాడు, నేను తంబీ అనేదాన్ని. పన్ను కోతల రిటర్నులన్నీ అతనే వేసేవాడు. ఎవరికైనా డబ్బు ఇచ్చేటప్పుడు పన్ను కింద కొంత కోసి, ఎవరికి ఎంత ఇచ్చామో, ఎందుకు ఇచ్చామో పన్నుల శాఖకు చెప్పాలి. ఆ 'ఎందుకు' అన్నచోట ఒక సెక్షన్ నంబరు వేస్తారు. అద్దెకు ఒకటి, కూలికి ఒకటి, లాభాంశానికి ఒకటి. తంబి చేతివేళ్ళకు ఆ నంబర్లన్నీ కంఠతా వచ్చు. పని చేస్తూ పాత తమిళ పాటలు కూనిరాగం తీసేవాడు. పాట ఆగిందంటే ఏదో తప్పు దొరికిందని మాకు అర్థం.

మా పార్టీల్లో ఒకటి ముళబాగిలు వైపు మామిడి రైతుల కంపెనీ. రైతులే వాటాదారులు, రైతులే యజమానులు. కనీసం కాగితం మీద. కురుడుమలె పోయే దారిలో ఒక పెద్ద షెడ్డు, తూకం, వెనక కాయలు పేర్చే జాగా. ప్రతి కుటుంబానికీ సమానంగా వాటాలు, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ లేదు. కాయ తెచ్చిన రోజు తూకం వేసి ధరలో పెద్ద భాగం చేతికిచ్చి, కాస్త పట్టుకునేవారు. గుజ్జు ఫ్యాక్టరీవాడు డబ్బు పంపించాక ఆ పట్టుకున్నది ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేవారు. దాన్ని రైతులు నిలుపు దుడ్డు అనేవారు, నిలిపి ఉంచిన డబ్బు అని. చట్టంలో కూడా దీనికి చోటుంది, అది సరుకు ధరలో ఆపి ఉంచిన భాగమే. అంటే అది రైతు సొమ్ము. రైతు నమ్మి కంపెనీ దగ్గర ఉంచిన సొమ్ము.

కంపెనీకి ఒక సీఈఓ ఉండేవాడు. బెంగళూరు నుంచి వచ్చినవాడు, ఎండలో కూడా నలగని చొక్కా వేసుకునేవాడు. నేను రిటైరవడానికి ముందటి ఏడు చలికాలం పోతుండగా నిలుపు దుడ్డు పంచే సమయం వచ్చింది. షెడ్డు ముందు షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద కన్నడంలో పెద్ద అక్షరాలు, సభ్యులకు లాభాంశ వితరణ, అంటే పంపిణీ, అని. బ్యాంకు మేనేజరు వచ్చాడు, మా ఆడిటర్ గారికి శాలువా కప్పారు. ఆయన ఒక పండ్లబుట్టతో ఆఫీసుకు తిరిగివచ్చి, "ఈ చుట్టుపక్కల లాభాంశం పంచిన రైతుల కంపెనీ ఇదొక్కటే" అని మురిసిపోయారు. నాకు సొంత పార్టీల పని నెత్తిమీద ఉంది. ఒక ద్రాక్షపండు తిని ఊరుకున్నాను.

తర్వాత కంపెనీ నుంచి షీటు వచ్చింది. పేరు, పాన్ నంబరు, ఇచ్చిన మొత్తం. పైన శీర్షిక డివిడెండ్. పరిమితి దాటినవాళ్ళ దగ్గర పదో వంతు కోసేశారు. తనకు పన్ను పడేంత ఆదాయం లేదని రైతు రాసివ్వడానికి ఒక ఫారం ఉంది. అది ఇచ్చి ఉంటే కోత ఉండదు. ఆ ఫారం సంగతి రైతులకు చెప్పినవాడు లేడు. తంబి పాట పాడుకుంటూ లాభాంశం సెక్షన్ కింద అందరి పేర్లూ ఎక్కించి పంపించేశాడు.

ఆమె మా ఆఫీసు మెట్లెక్కింది వానాకాలం చివర్లో. యాభై దాటిన మనిషి. నేత చీర, చేతిలో యూరియా సంచితో కుట్టిన సంచి. తలుపు దగ్గరే నిలబడి అందరినీ ఒకసారి చూసి, ఆడమనిషినని కాబోలు, సూటిగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమమ్మా, మామిడికాయల కంపెనీకి లెక్క రాసేది ఈడేనా?"

"ఇక్కడే అక్కా. కూర్చోండి."

"కూచునేకి రాలేదు. నా రేషన్ కార్డు కొట్టేసినారు. ఎవురు కొట్టేసినారో చెప్పమని అడిగేకి వచ్చినాను."

నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. రేషన్ కార్డుకూ మాకూ ఏమిటి సంబంధం? బలవంతాన కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒక్కొక్కటే అడిగాను.

ఆమెకు కురుడుమలె అవతల కాస్త మామిడి తోట ఉంది, రెండు ఆవులున్నాయి. మొగుడికి గుండె జబ్బు. ఒక కవాటం మార్చాలని కోలారు ఆసుపత్రిలో చెప్పారు. పేదల రేషన్ కార్డు ఉంటే ఆపరేషన్‌కు పైసా కట్టక్కర్లేదు. లేకపోతే ఖర్చులో ముప్పాతిక భాగం చేతినుంచి పెట్టుకోవాలి. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు, దసరా పోయాక.

నిలుపు దుడ్డులో కొంత కోశారని తెలిసి ఆమె కంపెనీలో అడిగింది. అది పన్ను, రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది అన్నారు. ముళబాగిలులో కంప్యూటర్ సెంటర్‌కు పోయింది. వాడు ఫీజు తీసుకుని, ఆమె పేరు మీద ఆదాయపు పన్ను రిటర్ను వేసేశాడు. కోసిన డబ్బు నిజంగానే బ్యాంకులో పడింది. ఆమె సంబరపడింది. కొన్నాళ్ళకు రేషన్ అంగడిలో వేలు పెడితే మిషను ఒప్పుకోలేదు. తాలూకా కచేరికి పోతే అక్కడి గుమాస్తా కంప్యూటరు చూసి చెప్పాడు: ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసినవాళ్ళ జాబితాలో నీ పేరుంది, కంపెనీ షేర్ల మీద ఆదాయం కూడా ఉంది, నువ్వు పేదదానివి కాదు, కార్డు రద్దు.

"ఆసుపత్రిలో కార్డు చూపించమంటా ఉండారు. చూపించేకి యాడుండాది? నేను షేర్ల మీద సంపాదించే ఆడదాన్నంట! ఆ మాట చెప్తే మా ఆయన గుండె జబ్బు కూడా మరిచిపోయి నవ్వినాడు" అంది.

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఏదో అడగాలని అడిగాను. "మీ పక్క తోటవాళ్ళకు కూడా ఇంతే వచ్చిందా అక్కా?"

"వాళ్ళకెట్లా ఇంత వస్తాది? వాళ్ళు కాయ సగం మండీలో అమ్ముకున్నారు. నేను కంపెనీని నమ్మి తోటంతా ఈడికే తోలినాను. కాయ ఎక్కువ, నిలుపు దుడ్డూ ఎక్కువ."

"మరి షేర్లు?"

"షేర్లు అందరికీ ఒకటే కదమ్మా."

అప్పుడు వెలిగింది నాకు. షేర్లు అందరికీ సమానమైతే లాభాంశం కూడా అందరికీ సమానంగా రావాలి. లాభాంశం అనేది షేరును బట్టి పంచేది. ఇక్కడ ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఎందుకంటే ఇచ్చింది కాయ లెక్కన. కాయ లెక్కన ఇచ్చింది కాయ ధరే అవుతుంది, లాభాంశం ఎలా అవుతుంది? రైతు తన పంట ధర తను తీసుకుంటే, దాన్ని షేర్ల మీద సంపాదన అని ప్రభుత్వానికి చెప్పాం. అందులోనూ కంపెనీని అందరికంటే ఎక్కువ నమ్మినవాళ్ళకే అందరికంటే పెద్ద దెబ్బ. సగం కాయ మండీలో అమ్ముకున్నవాళ్ళు పరిమితి లోపలే ఉండి బతికిపోయారు.

తంబి టేబుల్ దగ్గరికి వెళ్ళి ఆ షీటు తీయమన్నాను.

"ఎన్న అక్కా, అది ఎప్పుడో పోయింది. అక్నాలెడ్జ్‌మెంట్ కూడా వచ్చినాది."

"ఇందులో ఏ ఇద్దరికైనా ఒకే మొత్తం ఉందా చూడు."

తంబి పైనుంచి కిందికి చూశాడు. మళ్ళీ చూశాడు. పాట ఆగిపోయింది.

"అయ్యయ్యో" అన్నాడు. వెంటనే సర్దుకుని, "పార్టీ డివిడెండ్ అని పంపించినాడు, నేను డివిడెండ్ అని ఏసినాను. నా తప్పేముండాది? ప్రతి పార్టీనీ ఇది నిజమా, అది నిజమా అని అడిగేకి నేనేమన్నా పోలీసా?" అన్నాడు.

"వాళ్ళు ఆ రైతులను గొర్రెలని రాసి పంపించి ఉంటే, ఉన్నికి పన్ను కోసి ఉంటావా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అతని ముఖం వాడిపోయింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోను. అతను చెడ్డవాడు కాదు. షీటు మీది శీర్షిక చదివి కింద ఉన్న అంకెలను చూడకపోవడం మా వృత్తికి పట్టిన తెగులు.

ఆడిటర్ గారి గదిలోకి వెళ్ళాను. అంతా విని ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "కాయ ధర అని రాస్తే కంపెనీకి ఖర్చు పెరుగుతుంది, లాభం మాయమవుతుంది. లాభం లేకపోతే బ్యాంకువాడు లోను ఇవ్వడు. సీఈఓ నాకు ముందే చెప్పాడు" అన్నారు.

ముందే చెప్పాడు! అంటే ఇది తెలియక జరిగింది కాదు. రైతు ధరలోంచి పట్టుకున్న సొమ్మును ముందు లాభమని పిలిచి, దాన్ని చూపించి లోను అడిగి, అదే సొమ్మును మళ్ళీ రైతుకే శాలువాల మధ్య లాభాంశమని పంచారు. ఆ ఫ్లెక్సీ ఎవరి కోసం కట్టారో నాకు అప్పుడు తెలిసింది. ఆయన ఎదురుగానే సీఈఓకు ఫోన్ చేశాను.

"మేడమ్, వెరీ స్మాల్ అమౌంట్స్. ఇదేమంత పెద్ద ఇష్యూ కాదు" అన్నాడు సీఈఓ. "ఫార్మర్స్‌కు కంపెనీ అంటే ఏమిటో అలవాటు కావాలి కదా. ఒక రేషన్ కార్డు కోసం మనం బుక్స్ మార్చలేం."

ఆమె అవతల గదిలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ గోడ పలచనిది. అన్నీ వినపడుతూనే ఉంటాయి.

ఒక్కటే దారి కనిపించింది. ఆ ఏడాది లెక్కలను సభ్యులు ఇంకా ఆమోదించలేదు. సర్వసభ్య సభ దగ్గర పడింది. సభలో చేతులెత్తి ఆమోదించారా, అది లాభాంశమని రైతులే ఒప్పుకున్నట్టు. తర్వాత మార్చడం దేవుడి వల్ల కూడా కాదు. ఆమోదించకముందే మారిస్తే, మేము పంపిన రిటర్నును కూడా సరిచేసి మళ్ళీ పంపవచ్చు. సభ రోజు ఆడిటర్ గారికి బంగారుపేటలో దగ్గరివాళ్ళ పెళ్ళి. ఏటా జరిగేదే కదా అని, నన్ను వెళ్ళి లెక్కలు చదివి రమ్మన్నారు. "చదువు, అంతే. ఎవరితోనూ వాదం పెట్టుకోకు" అని రెండుసార్లు చెప్పారు.

తంబి స్కూటరు మీద వెళ్ళాం. అతను రానక్కర్లేదు. పొద్దున్నే మా ఇంటి ముందుకు వచ్చి హారన్ కొట్టాడు. షెడ్డు దగ్గర దిగాక, "అక్కా, సవరణ రిటర్ను రెడీ చేసి పెట్టినాను. మీరు ఊ అంటే ఈపొద్దే పోతాది" అన్నాడు. అప్పుడే అతని మీద నా కోపం పోయింది.

షెడ్డు నిండా జనం. ఖాళీ క్రేట్లు బోర్లించి కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక పక్క, ఆమె ముందు వరసలో. వేదిక మీద సీఈఓ, పక్కన చైర్మన్. చైర్మన్ ఊళ్ళో పెద్ద రైతు, మీసాలాయన, మంచి గొంతు. ముందే ఉప్మా పెట్టేశారు కాబట్టి అందరూ నిమ్మళంగా ఉన్నారు. లెక్కలు చదవమన్నారు. ప్రతి పద్దునూ కన్నడంలో చదివి తెలుగులో చెబుతూ వచ్చాను. కరెంటు బిల్లు, క్రేట్లు, లారీ బాడుగ. ఎవరూ వినడం లేదు. ఒక ముసలాయన కునుకు తీస్తున్నాడు.

"సభ్యులకు పంచిన లాభాంశం" అని చదివి ఆపేశాను.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. ఈ దుడ్డు మీకు కాయ లెక్కన ఇచ్చినారా, షేరు లెక్కన ఇచ్చినారా?"

వేదిక మీద సీఈఓ తల తిప్పి చూశాడు. కింద ఎవరో, "కాయ లెక్కనే కదా" అన్నారు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"అయితే ఈ కాగితంలో షేరు లెక్క అని రాసినారు. మీరు షేర్ల మీద లాభం సంపాదించినారని సర్కారుకు చెప్పినారు. అందుకే పన్ను కోసినారు."

కునుకు తీస్తున్న ముసలాయన లేచాడు. షెడ్డులో గోల మొదలైంది. సీఈఓ మైకు అందుకుని, ఇది టెక్నికల్ విషయం, అకౌంటింగ్‌లో ఇలాంటివి ఉంటాయి, ఆఫీసులో మాట్లాడుకుందాం అన్నాడు. అప్పుడు ఆమె లేచి నిలబడింది.

"ఏమప్పా సీఈఓ, నువ్వు చెప్పు. నాకూ ఈ పక్కనున్న ఆయమ్మకూ షేరు ఒకటే. నాకు ఎక్కువ ఇచ్చినావు, ఆయమ్మకు తక్కువ ఇచ్చినావు. షేరు లెక్క అయితే ఆయమ్మకు మోసం చేసినావు. కాయ లెక్క అయితే నాకు మోసం చేసినావు. ఎవురికి చేసినావు?"

నేను అరగంట మాట్లాడినా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని. వెనక నుంచి ఒకాయన, "మా కాయ దుడ్డు మాకే ఇచ్చేకి శాలువాలు కప్పుకున్నారు! మేము చప్పట్లు కూడా కొట్టినాము కదరా!" అని అరిచాడు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఇంకెవరో తన కార్డు కూడా పోయిందన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. అంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

చైర్మన్ మీసం సవరించుకున్నాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆయనకూ లాభాంశం మాట ఇష్టమే, ఫ్లెక్సీ మీద ఆయన ఫోటోయే పెద్దది. కానీ ఓట్లు వేసేది ఎదురుగా క్రేట్ల మీద ఉన్నవాళ్ళు. "లెక్క సరిచేసి రాయండమ్మా. అది కాయ ధరే" అన్నాడు. "లోను?" అని సీఈఓ గొణిగాడు. "లోను నీ జీతం మీద తీసుకుందాములే" అన్నాడు చైర్మన్. అప్పుడు నిజంగా చప్పట్లు పడ్డాయి.

ఆ సాయంత్రమే తంబి సవరణ పంపించాడు. కొన్నాళ్ళకు రైతులందరి పన్ను ఖాతాల్లోంచి లాభాంశం మాట తుడిచిపెట్టుకుపోయింది. ఆడిటర్ గారు నాతో కొంతకాలం ముభావంగా ఉన్నారు. పార్టీ మాత్రం పోలేదు. పోతే పోనీ అని నేను సిద్ధపడే ఉన్నాను.

ఇక్కడితో ఆపేస్తే గెలిచిన కథ అవుతుంది. కానీ కార్డు సంగతి ఉంది కదా.

సవరించిన కాగితాలన్నీ పట్టుకుని ఆమెతో పాటు తాలూకా కచేరికి నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి కాగితాలు చూశాడు, మర్యాదగానే మాట్లాడాడు. "నిజమే మేడమ్, లాభాంశం లేదు. కానీ రిటర్ను వేసింది నిజం కదా? జాబితా పైనుంచి వచ్చింది. మేము తీసేయడానికి లేదు. కొత్తగా అర్జీ పెట్టుకోమనండి, విచారణ చేస్తాం."

"ఆ రిటర్ను వేయాల్సి వచ్చిందే ఈ తప్పు వల్ల కదండీ."

"అది కంప్యూటరుకు తెలియదు కదా మేడమ్."

"మీకు తెలిసింది కదా."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. తర్వాతి మనిషిని పిలిచాడు. ఆ గదిలో ఎవరూ దుర్మార్గులు కాదు, అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మంట. కొట్టేయడానికి ఒక్క మీట చాలింది. తిరిగి ఇవ్వడానికి అర్జీ, విచారణ, ఇంటి తనిఖీ, సర్వరు. పేదవాళ్ళ పేరు తీసేసేటప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు, చేర్చేటప్పుడు ఊరందరి సంతకాలూ కావాలి. ఇంత అన్యాయాన్ని పద్ధతి అని పిలవడానికి నోరెలా వస్తుందో నాకు తెలియదు.

ఆమె కొత్త అర్జీ పెట్టింది. అధికారి ఇంటికి తనిఖీకి వచ్చేసరికి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన తేదీ వచ్చేసింది. తేదీ వదులుకుంటే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు, మొగుడికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమె రెండు ఆవులనూ అమ్మేసింది. అమ్మిన రోజు నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "కొనినవాడు పాలు పితికి చూసినాడమ్మా. నా చేతికైతే ఇంగా ఎక్కువ ఇచ్చేది" అంది, అంతే. ఆపరేషన్ బాగా జరిగింది. కార్డు కూడా వచ్చింది, చాలా ఆలస్యంగా, ఆవుల పాక ఖాళీ అయ్యాక.

పిల్లలూ, మీరు నేర్చుకునే సాఫ్ట్‌వేర్‌లో సెక్షన్ నంబరు ఒక చిన్న గడి. అందులో తప్పు నంబరు వేసినా ఎర్రగీత రాదు, ఏ మిషనూ మిమ్మల్ని ఆపదు. శీర్షిక పార్టీ రాసిపెడుతుంది, మీరు అంకెలు చూడాలి. అర్థం కాకపోతే అడగాలి. అడిగితే పార్టీకి కోపం వస్తుంది, మీ సారుకు కోపం వస్తుంది. రానివ్వండి. మీకు రావాల్సిన కోపం కూడా ఒకటి ఉంది, దాన్ని జీతం కోసం చంపుకోకండి.

మరుసటి ఏడు మామిడి కాలంలో ఆ కంపెనీ తూకం లెక్కలు చూడడానికి షెడ్డుకు వెళ్ళాను. నా ఉద్యోగానికి అదే చివరి వేసవి. కొత్త సీఈఓ వచ్చాడు, మంచి కుర్రాడే. గోడకు పెద్ద అక్షరాలతో రాయించాడు: నిలిపిన ధర మీ సొమ్ము, మీ నమ్మకం. ఆమె ట్రాక్టరు దిగింది. వెనక ఆమె మొగుడు, చొక్కా గుండీల మధ్య కుట్ల గీత కనిపిస్తూ, నెమ్మదిగా దిగాడు. నన్ను చూసి ఇద్దరూ నవ్వారు. ఒక పండు తీసి తుడిచి నా చేతిలో పెట్టింది. కాయ తూకం వేశారు. తూకం దగ్గరున్న గుమాస్తా అలవాటు ప్రకారం, "ఎంత నిలుపుకోమంటావక్కా?" అని అడిగాడు.

ఆమె గోడ మీది రాతను ఒకసారి చూసింది.

"ఏమీ నిలపద్దప్పా. అంతా ఈపొద్దే ఇచ్చేయి."

ఆమె వెనక నిలబడినవాడు తన క్రేటు ముందుకు జరిపాడు.

"నాదీ అంతే" అన్నాడు.